పందెంలో పెట్టింది ఎవరిది?

పాత చీరలకి స్టీలు సామాన్లిచ్చే మనిషి వీధిలోకి వచ్చిందంటే చాలు, ఇంట్లో ఆడవాళ్లందరికీ లెక్కలొచ్చేస్తాయి. జరీ అంచు చీర ఒకటి, పాత ప్యాంట్లు రెండు, వెరసి ఓ మూత గిన్నె. "ఇంకో చీర వెయ్యమ్మా" అని ఆవిడ. "ఈ పలచటి గిన్నెకి ఇంకో చీరా!" అని మనం. బేరం తెగేసరికి అరగంట. తీరా ఆవిడ గంప నెత్తికెత్తుకుని వీధి మలుపు తిరిగాక, ఆ చీర ఇంకో రెండేళ్లు కట్టుకోవచ్చునేమో అనిపిస్తుంది. మార్పిడి బేరం స్వభావమే అంత. మన చేతిలో ఉన్నది మనకు తెలుసు. అవతలివాళ్ల చేతిలో ఉన్నది తెలియదు. తెలిసినదాన్ని ఇచ్చి తెలియనిదాన్ని పుచ్చుకోవాలి.

గిన్నె దగ్గర పోయేది మహా అయితే ఓ చీర. కానీ ఆలోచించి చూడండి, సంసారంలో మనం చేసే పెద్ద నిర్ణయాలు చాలావరకు ఈ రకానివే. ఊళ్లో పొలం అమ్మి పట్నంలో ఫ్లాటు కొనడం, నెలనెలా జీతం వచ్చే ఉద్యోగం మానేసి సొంత వ్యాపారం పెట్టడం, తెలిసిన సంబంధం కాదనుకుని దూరదేశపు సంబంధం ఖాయం చేసుకోవడం... అన్నిట్లోనూ చేతిలోది వదులుకుని, ఇంకా చేతికి రానిదాన్ని అందుకోవడమే. అలాంటి బేరం చెయ్యొచ్చా, కూడదా అని దేన్నిబట్టి తేల్చుకోవాలి? ఎప్పుడది ధైర్యం? ఎప్పుడది దుడుకుతనం?

ఈ ప్రశ్నను నాకు బాగా విప్పి చూపించింది ఏ వేదాంత గ్రంథమో కాదు. అమెరికాలో బాస్కెట్‌బాల్ పేరు చెప్పుకుని ఆడే ఓ ఉత్తుత్తి ఆట.

దాన్ని ఫాంటసీ లీగు అంటారు. చిన్నప్పటి బొమ్మల పెళ్లి గుర్తుంది కదా! బొమ్మలు ఉత్తివి, తలంబ్రాలు ఉత్తివి. మగపెళ్లివారి అలకలు, ఆడపెళ్లివారి కళ్లనీళ్లు మాత్రం అచ్చమైనవి. ఇదీ అలాంటిదే. ఎన్.బి.ఏ. అని అక్కడి పెద్ద బాస్కెట్‌బాల్ సంఘం. అందులో 30 టీములు. ఒక్కో టీముకి సీజనులో 82 ఆటలు. అక్టోబరులో సీజను మొదలయ్యే ముందు ఓ పది పన్నెండు మంది స్నేహితులు చేరి, ఆ టీముల్లోని నిజమైన ఆటగాళ్లను వంతులవారీగా కాగితం మీద పంచుకుంటారు. ఒకరికి దక్కిన ఆటగాడు ఆ లీగులో ఇంకొకరికి దక్కడు. ఇక అక్కడినుంచి నిజం ఆటలో అతను ఏం చేసినా, ఆ ఫలం ఈ కాగితపు యజమాని ఖాతాలో పడుతుంది.

సాధారణంగా తొమ్మిది గడులుంటాయి. వేసిన పాయింట్లు, బుట్టలో పడకుండా తిరిగొచ్చిన బంతిని పట్టడం, తోటివాడికి అందించడం, ఎదుటివాడి చేతిలోంచి లాక్కోవడం, వాడు వేసిన బంతిని గాలిలోనే అడ్డుకోవడం, దూరంనుంచి వేసే మూడు పాయింట్ల బుట్టలు, వేసినవాటిలో ఎన్ని పడ్డాయన్న శాతం, ఫ్రీ త్రోల శాతం, చివరికి చేజార్చుకున్న బంతులు. వారానికో ప్రత్యర్థి. ఎక్కువ గడులు ఎవరివైతే ఆ వారం వాళ్లది. ఇలాంటి ఆటలకు బాగా పేరొచ్చింది 1980లో న్యూయార్కులో డేనియల్ ఓక్రెంట్ అనే రచయిత, ఆయన స్నేహితులు బేస్‌బాల్‌తో ఓ లీగు పెట్టుకున్న తర్వాత. వాళ్లు కలుసుకునే భోజన హోటలు పేరు లా రోటిస్సెరీ ఫ్రాన్సేజ్. అందుకని ఆ లీగుకి రోటిస్సెరీ అనే పేరు. తిండి దగ్గర పుట్టిన ఆట కాబట్టి మనకి మరీ పరాయిది కాదు లెండి!

ఈ ఆటలో అసలు రుచి మార్పిడిలో ఉంది. "నీ ఫలానావాణ్ణి నాకియ్యి, నా ఫలానావాణ్ణి నీకిస్తాను" అని ఒకరికొకరు కబురు పెట్టుకుంటారు. దాన్ని ట్రేడ్ అంటారు. మార్పిడి అయిన సంగతి ఆ ఆటగాళ్లకి తెలియనే తెలియదు. వాళ్ల ఆట వాళ్లు ఆడుకుంటూనే ఉంటారు.

మా అక్కయ్య కూతురు డాలస్ దగ్గర ఉంటుంది. వాళ్ల ఆఫీసులో పన్నెండు టీముల లీగు ఒకటి ఉంది. డబ్బు పందెం లేదు. ఆఖరున నిలిచినవాళ్లు అందరికీ భోజనం పెట్టాలి, అంతే. ఒక్కో టీముకి ఇద్దరు యజమానులు. మా పిల్లకి జోడీ గుంటూరు వైపునుంచి వెళ్లిన ఓ అమ్మాయి. 2024 నవంబరులో ఆ అమ్మాయి పురిటి సెలవులో ఉంది. "టీము సంగతి నువ్వే చూసుకో" అని వీళ్ల టీముని మా పిల్లకి అప్పజెప్పింది. సరిగ్గా అప్పుడే ఓ ప్రత్యర్థినుంచి కబురొచ్చింది. "మీ మికాల్ బ్రిడ్జెస్‌ని ఇవ్వండి, మా జోయెల్ ఎంబీడ్‌ని తీసుకోండి."

వీళ్లిద్దరెవరో చెప్పాలి. ఎంబీడ్ ఏడడుగుల మనిషి. 2023లో లీగు మొత్తానికి ఉత్తమ ఆటగాడిగా బహుమతి పొందాడు. 2024 జనవరిలో ఒకే ఆటలో 70 పాయింట్లు వేశాడు. కాని ఆ మర్నెలే మోకాలికి ఆపరేషను. ఆ సీజనులో 82 ఆటల్లో ఆడింది 39. మళ్లీ 2024 అక్టోబరులో కొత్త సీజను మొదలయ్యేసరికి అదే మోకాలు. నవంబరు నెలలో ఆడినవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఇక బ్రిడ్జెస్. ఇతను 2018లో లీగులోకి వచ్చిన దగ్గర్నుంచి అప్పటివరకు ఒక్క ఆట కూడా మానలేదు. ఆకాశాన్నంటే ఆటగాడు కాడు. రోజుకి ఓ పదిహేడు పద్దెనిమిది పాయింట్లు వేస్తాడు. కాని ఠంచనుగా వస్తాడు, మన ఇంటికి పాలవాడు వచ్చినట్టు.

"పిన్నీ, నువ్వయితే ఏం చేస్తావ్?" అని అడిగింది మా పిల్ల ఫోనులో.

నవలలు రాసుకునేదాన్ని, నన్నడిగితే ఏం చెప్తాను! కాని ఆ పిల్ల అడిగినకొద్దీ, చెప్పినకొద్దీ, ఇందులో మూడు ప్రశ్నలున్నాయని తోచింది. ఒకటి లెక్కది. ఒకటి ఫలితానిది. ఒకటి హక్కుది. మనం సాధారణంగా మొదటిదాని దగ్గరే ఆగిపోతాం.

లెక్క సంగతి చూద్దాం. రోజుకి ముప్ఫై పాయింట్లు వేసేవాడు సగం ఆటలు మానేస్తే, సగటున పదిహేనే అయింది కదా, బ్రిడ్జెసే నయం అనిపిస్తుంది పైకి. మా పిల్ల నవ్వింది. "అలా కాదు పిన్నీ, ఎంబీడ్ రాని రోజు ఆ కుర్చీ ఖాళీగా ఉండదు. మా దగ్గరున్న ఇంకొకణ్ణి కూర్చోపెడతాం. వాడూ పదో పన్నెండో వేస్తాడు" అంది. నిజమే. వంటమనిషి రానినాడు మనం పస్తుండం కదా, ఉప్మాతో గడుపుకుంటాం. కాబట్టి ఆ పదీ పన్నెండూ కూడా కలిపి చూడాలి. అప్పుడు బేరం అంత చెడ్డదేం కాదు. ఇంకోటి. ఈ లీగుల్లో గెలుపోటములు తేలే ఆఖరి పోరు సాధారణంగా మార్చిలో వస్తుంది. నవంబరులో కూర్చుని మార్చిలో ఆడేవాడు, నవంబరులో ఆడి మార్చిలో కూర్చునేవాడికంటే విలువైనవాడు. మోకాలికి ఆ క్యాలెండరు తెలియదన్నదే చిక్కు.

మూడోది, మనం ఎక్కడ నిలబడి ఉన్నాం అన్నది. పన్నెండు టీముల్లో పదకొండో స్థానంలో ఉన్నవాడికి సాహసం చెయ్యడమే మంచిది. ఉన్నచోటే ఉంటే ఓడిపోవడం ఖాయం కదా! మొదటి స్థానంలో ఉన్నవాడికి ఆ సాహసమే తెలివితక్కువ. ఒకే బేరం ఒకడికి వివేకం, మరొకడికి అవివేకం. అప్పటికి మా పిల్ల వాళ్లు నడిమధ్యన, ఐదో చోట ఉన్నారు. నాలుగోది, మన పెద్దవాళ్లు సంతలో అడిగే ప్రశ్న. పాలిచ్చే గేదెను ఎందుకమ్ముతున్నాడు? ఎదుటివాడికి తెలిసి మనకు తెలియనిదేమైనా ఉందా? ఉండొచ్చు. లేదూ, రోజూ ఆ మోకాలి కబురు చదివి చదివి విసుగెత్తిపోయి ఉండొచ్చు. విసుగెత్తినవాడు చవగ్గా అమ్ముతాడు.

ఇన్ని లెక్కలూ వేసుకున్నా మనసు త్రాసు సమంగా నిలవదు. మన చేతిలో ఉన్నదానికి మనం ఎక్కువ వెల కడతాం. 1990లో అమెరికాలో డేనియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు పండితులు ఈ సంగతిమీద ప్రయోగాల ఫలితాలు ప్రకటించారు. కొందరు విద్యార్థులకు కాఫీ కప్పులు ఇచ్చి, ఎంతకి అమ్ముతారని అడిగారు. కప్పులు దక్కనివాళ్లని, ఎంతకి కొంటారని అడిగారు. కప్పు అందరికీ ఒకటే. కాని అమ్మేవాళ్లు అడిగిన ధర, కొనేవాళ్లు ఇస్తామన్న ధరకి ఇంచుమించు రెట్టింపు! చేతిలోకి వచ్చి కొద్దిసేపు కూడా కాలేదు, అప్పుడే అది 'నా కప్పు' అయిపోయింది. అటకమీద పాత ఇత్తడి బిందెలు పదేళ్లుగా దాచుకున్న మనకి ఈ ప్రయోగం అక్కర్లేదనుకోండి. కొంతమందిది దీనికి పూర్తిగా తల్లకిందులు. పొరుగింటి పుల్లకూర రుచి అన్న బాపతు. తమదంటే లోకువ, ఎదుటివాళ్లదంటే మోజు. లెక్కకి కూర్చునేముందు మనం ఏ బాపతో తెలుసుకుంటే సగం పని అయినట్టే.

ఇక రెండో ప్రశ్న. బేరం మంచిదా చెడ్డదా అన్నది ఎప్పుడు తెలుస్తుంది? సీజను అయ్యాక తెలుస్తుంది అంటారు అందరూ. నేను ఒప్పుకోను.

ఈ మాటకి డాలస్‌లోనే పెద్ద ఉదాహరణ ఉంది. కాగితం మీది మార్పిడి కాదు, నిజం మార్పిడి. 2025 ఫిబ్రవరి మొదట్లో ఓ శనివారం అర్ధరాత్రి, డాలస్ టీము వారు తమ లూకా డాన్చిచ్‌ని లాస్ ఏంజిలస్ టీముకి ఇచ్చేసి, ఆంథొనీ డేవిస్‌ని తెచ్చుకున్నారు. డాన్చిచ్‌కి అప్పటికి పాతికేళ్లు. అంతకు ముందటి జూన్‌లోనే టీముని ఫైనల్సు దాకా తీసుకువెళ్లినవాడు. డేవిస్ మహా ఆటగాడే గాని, వయసు ముప్ఫై దాటింది, దెబ్బలు తగలడం కొత్త కాదు. తెల్లారేసరికి ఊరంతా గగ్గోలు. అభిమానులు స్టేడియం ముందు శవపేటిక ఒకటి తెచ్చిపెట్టి శోకాలు పెట్టారు. వారం తిరక్కుండా డేవిస్ డాలస్ తరఫున మొదటి ఆట ఆడాడు. అద్భుతంగా ఆడాడు. ఆడుతూ ఆడుతూ మధ్యలోనే కండరం పట్టేసి వెళ్లిపోయాడు. "చూశారా, మేం చెప్పలేదూ!" అంది ఊరు.

మే నెలలో ఏమైందనుకున్నారు? కొత్త కుర్రాళ్లలో మొదటివాణ్ణి ఎంచుకునే హక్కు ఎవరిదో చీటీలు తీస్తారు. డాలస్‌కి తగిలే అవకాశం నూటికి 1.8. అంటే వందసార్లు తీస్తే రెండుసార్లయినా రాదు. వచ్చింది! కూపర్ ఫ్లాగ్ అనే పద్దెనిమిదేళ్ల చిచ్చరపిడుగు వాళ్ల ఒళ్లో పడ్డాడు. డాన్చిచ్ పోబట్టి, డేవిస్ దెబ్బ తినబట్టి టీము ఓడిపోయింది. ఓడిపోబట్టి చీటీల దాకా వెళ్లింది. వెళ్లబట్టి ఈ కుర్రాడొచ్చాడు. మరి మార్పిడి మంచిదైపోయిందా? మొన్నటిదాకా తెలివితక్కువవాడైనవాడు చీటీ పడగానే తెలివైనవాడవుతాడా? డాలస్ జనం ఆ లెక్క ఒప్పుకోలేదు. ఆ మార్పిడి చేసిన అధికారిని 2025 నవంబరులో ఉద్యోగంలోంచి తీసేశారు.

నన్నడిగితే, జనం కోపం సంగతి ఎలా ఉన్నా, చీటీ ఆయన్ని తెలివైనవాణ్ణి చెయ్యదు. డేవిస్ కండరం పట్టెయ్యడం ఆయన్ని తెలివితక్కువవాణ్ణీ చెయ్యదు. ఆ శనివారం రాత్రి ఆయనకు ఏం తెలుసు, తెలిసినదాన్ని ఎంత నిజాయితీగా తూచాడు అన్నదే ఆయన లెక్క. మిగతాది కాలం లెక్క. మన ఇళ్లల్లో దీన్ని ఎంత అన్యాయంగా మర్చిపోతామో చూడండి! అల్లుడు బాగున్నాడా, "నాన్నగారి ముందుచూపు" అంటారు. బాగోలేదా, "నీ మేనమామ తెచ్చిన సంబంధం" అంటారు. ఇద్దరూ వాకబు చేసింది ఒకే తీరున కావచ్చు. వాన కురవడానికీ, విత్తనం వెయ్యడానికీ తేడా ఉంది. విత్తనానికి మాత్రమే మనం జవాబుదారీ.

అయితే లెక్క సరిగ్గా వేసి, నిజాయితీగా తూచితే చాలా? ఇక్కడే మూడో ప్రశ్న. నాకు అన్నిటికంటే పెద్దగా కనిపించేది ఇదే. త్రాసులో పెట్టింది ఎవరిది?

మా పిల్ల లెక్కలన్నీ అయ్యాక, బేరం ఒప్పుకోవడానికే మొగ్గింది. "ఒక్క సంగతి పిన్నీ" అంది చివర. "తను పురిట్లో ఉంది. అడిగి విసిగించడం ఎందుకు? నాకే వదిలేసింది కదా. నేను చేసేద్దునా?"

చూడ్డానికి చిన్నమాట. కాని ఈ చిన్నమాట మీదే మన భారతంలో ఓ సభ అట్టుడికిపోయింది. ధర్మరాజు రాజ్యం ఒడ్డాడు, తమ్ముళ్లను ఒడ్డాడు, తనని ఒడ్డుకున్నాడు, ఆఖరున ద్రౌపదిని ఒడ్డాడు. పిలవవచ్చినవాణ్ణి ఆవిడ ఏడుస్తూ పంపలేదు, ప్రశ్న ఇచ్చి పంపింది. తనని ముందు ఓడాడా, నన్ను ముందు ఓడాడా అని. తననే పోగొట్టుకున్నవాడికి నామీద హక్కెక్కడిది అని దాని అర్థం. భీష్ముడంతటివాడు, ధర్మం సూక్ష్మం, తేల్చలేను అన్నాడు. శకుని పాచికలు మోసపు పాచికలు, నిజమే. కాని ఆవిడ ప్రశ్న పాచికల గురించి కాదు చూడండి! పాచికలు సవ్యంగా పడి, ధర్మరాజే గెలిచినా, ఆ ప్రశ్న అలాగే ఉంటుంది.

దీనికి తోడు అదే భారతంలో నలుడి కథ ఉంది. నలుడూ జూదంలో రాజ్యం పోగొట్టుకున్నాడు. ఇక దమయంతిని ఒడ్డమని పుష్కరుడు ఎగతాళి చేస్తే, నోరెత్తకుండా కట్టుబట్టతో లేచిపోయాడు. తర్వాత ఋతుపర్ణ మహారాజు దగ్గర సారథిగా ఉన్నప్పుడు, దారిలో ఓ తాండ్ర చెట్టు కనిపించింది. మన త్రిఫల చూర్ణంలో వేసే తానికాయలు కాసే చెట్టు. ఋతుపర్ణుడు రథంలోంచే చూసి, ఇన్ని ఆకులు, ఇన్ని కాయలు అని చెప్పేశాడు. నలుడు దిగి లెక్కపెడితే సరిపోయింది! ఆ లెక్క విద్యే అక్షహృదయం, పాచికల రహస్యం. నలుడి దగ్గర గుర్రాల రహస్యం ఉంది, అశ్వహృదయం. ఇది అదీ మార్చుకున్నారు. ప్రపంచ సాహిత్యంలో ఇంత మంచి మార్పిడి బేరం మరోటి ఉంటుందా! ఇచ్చినదీ ఇచ్చినవాడి దగ్గరే ఉంది, పుచ్చుకున్నదీ దక్కింది.

ఆ విద్యతో వెళ్లి నలుడు పుష్కరుణ్ణి మళ్లీ ఆటకి పిలిచి గెలిచాడు. ఇంతవరకు అందరికీ తెలుసు. వ్యాసభారతంలో ఆ రెండో ఆటకి నలుడు ఒడ్డినదేమిటో చాలామంది గమనించరు. తను సంపాదించిన సమస్తమూ, దాంతోపాటు దమయంతినీ! మొదటిసారి ఏమీ తెలియనప్పుడు ఒడ్డనివాడు, అంతా తెలిశాక ఒడ్డాడు. గెలిచాడు కాబట్టి ఎవరూ అడగరు. నాకు మాత్రం ఆ చోట మనసు గుచ్చుకుంటుంది. ఆకులు లెక్కపెట్టే విద్య వచ్చింది. ఒడ్డుతున్నది తనది కాదన్న ఎరుక రాలేదు. లెక్క ఎంత గట్టిదైనా హక్కు కాదు. నూటికి తొంభైతొమ్మిది పాళ్లు గెలుస్తామని తెలిసినా, ఎదుటిమనిషి బతుకుని ఆ మనిషిని అడక్కుండా ఒడ్డడానికి ఆ తొంభైతొమ్మిదీ చాలవు.

డాలస్‌లోనూ ఇదే జరిగింది. డాన్చిచ్‌ని ముందుగా ఎవరూ అడగలేదు. నియమాల ప్రకారం అడగక్కర్లేదు. కోట్లు సంపాదిస్తున్నవాడు, ఆకలితో మాడిపోడు. అయినా రాత్రికి రాత్రి, "రేపటినుంచి నువ్వు ఈ ఊరివాడివి కావు" అన్న మాట వింటే ఎలా ఉంటుందో ఆడవాళ్లకి వేరే చెప్పాలా? పదహారేళ్లకో ఇరవయ్యేళ్లకో ఇల్లూ ఊరూ పేరూ మారిన ఆడవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు.

మన ఇళ్ల సంగతి చెప్పుకుంటే, ఈ మూడో ప్రశ్న వేసే ఇల్లు అరుదు. పొలం అమ్మేటప్పుడు ఎకరం ధర గురించి రాత్రంతా చర్చ జరుగుతుంది. ఆ పొలం ఆవిడకి పుట్టింటివాళ్లు పసుపుకుంకాలకింద ఇచ్చిందన్న మాట ఆ చర్చలో రాదు. ఫోనులో డబ్బు పెట్టి ఆడే ఆటల్లో ఎంతమంది మగవాళ్లు పిల్లల ఫీజులూ, పెళ్లాం మెళ్లో గొలుసూ పోగొట్టారో మన వీధుల్లోనే విన్నాం. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ అలాంటి ఆటల్ని నిషేధిస్తూ చట్టాలు చేశాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికి చట్టం చేసింది. ఆ ఆటల్లో నైపుణ్యం ఉందా, అదృష్టం ఉందా అని కోర్టుల్లో ఏళ్లతరబడి వాదించుకున్నారు. ఆ గొలుసు ఆవిడకి మాత్రం ఆ వాదంతో పనిలేదు. ఎంత నైపుణ్యంతో పోగొట్టినా గొలుసు తనదే కదా!

మా పిల్ల ఆడేది దానికి సరిగ్గా ఎదురు. డబ్బు లేదు, పోతే ఓ పూట భోజనం. ఎంబీడ్ మోకాలు ఎంబీడ్‌దే. వీళ్లు కాగితం మీద ఎటు మార్చినా అతని నొప్పి పెరగదు, తగ్గదు. అందుకే ఆ ఆటని నేను తప్పు పట్టను. తనది మాత్రమే ఒడ్డి, సాహసం రుచి చూడ్డానికి ఇంతకంటే నిరపాయమైన చోటు దొరకదు. అందులోకి రెండో మనిషి భాగం ఎంత చిన్నదైనా వచ్చిందో, అప్పుడది ఆట ఒక్కటే కాకుండా పోతుంది.

ఒక్కమాట మనవైపు నుంచి కూడా చెప్పుకోవాలి. ఒడ్డేవాళ్లు మగవాళ్లే అనుకోకండి. "అంత దూరం ఎందుకే, ఇక్కడే ఉన్న కాలేజీలో చేరు" అని కూతుర్ని ఆపే తల్లి తనేదో జాగ్రత్తపడుతున్నాననుకుంటుంది. ఆవిడా ఒడ్డుతోంది. ఒడ్డింది కూతురి చదువుని. సాహసం చెయ్యకపోవడం కూడా ఓ పందెమే. దాని నష్టం చప్పుడు చెయ్యదు గనక పందెంలా కనిపించదు, అంతే. బ్రిడ్జెస్‌ని అట్టే పెట్టుకోవడమూ ఓ నిర్ణయమే కదా! ఎటు మొగ్గినా, అవతలి మనిషి భాగం అందులో ఉందా అని చూసుకోక తప్పదు.

"ప్రతిదానికీ అందర్నీ అడుగుతూ కూర్చుంటే పనులవుతాయా?" అంటారు మీరు. న్యాయమే. అర్ధరాత్రి జ్వరంతో కాలిపోతున్న పసివాణ్ణి, ఆసుపత్రికి వస్తావా అని అడగం. మతిమరుపు వచ్చిన అత్తగారిని, ఇల్లు మారదామా అని అడిగినా లాభం ఉండదు. అడగడానికి వీల్లేనివాళ్ల తరఫున మనమే ఒడ్డాలి. అలాంటప్పుడు మాత్రం మనదైనట్టు కాకుండా, తాకట్టు వస్తువుని వాడినట్టు భయంగా వాడాలి. కాని అడగడానికి వీలున్నవాళ్ల విషయంలో, "ఎందుకు విసిగించడం" అనే మాట చాలాసార్లు ఓ మర్యాదపు ముసుగు. కాదంటారేమోనన్న భయం దాని వెనకాల ఉంటుంది.

ఆ మాటే మా పిల్లతో అన్నాను. "అడిగితే ఏమంటుందని నీ అనుమానం?" కాసేపు మాట్లాడలేదు. "వద్దంటుందేమోనని" అంది. అయితే అడిగి తీరాలి!

అడిగింది. ఆ బాలింత చెప్పిన జవాబు నాకు చాలా నచ్చింది. "రాత్రి పదింటికి పాపకి పాలిస్తూ ఫోను తెరిచి చూసుకుంటాను. మనవాడు ఆడుతూ కనిపిస్తే అదో ధైర్యంగా ఉంటుంది. రోజూ 'ఇవాళ రావటం లేదు' అని చదవడం నావల్ల కాదే. మనం గెలవకపోతే పోయాం" అంది. చూశారా! తొమ్మిది గడుల్లో ఎక్కడా లేని పదో గడి అది. ఆ పిల్లకి బ్రిడ్జెస్ అంటే పాయింట్లు కాదు, నిద్రలేని రాత్రుల్లో ఓ తోడు. మా పిల్ల ఎన్ని లెక్కలు వేసినా ఆ విలువ ఆ లెక్కల్లోకి రాదు. అడిగితేనే వచ్చింది. అడగటం మర్యాదకోసం మాత్రమే అని నేను అనుకోను. అడగకపోతే అసలు లెక్కే తప్పుతుంది. ఎదుటిమనిషికి దేని విలువ ఎంతో మనకెలా తెలుస్తుంది?

బేరం వద్దనుకున్నారు. ఆ సీజనులో ఎంబీడ్ ఆడినవి 19 ఆటలు. ఫిబ్రవరి చివర ఇక ఆడడని చెప్పేశారు. బ్రిడ్జెస్ 82కి 82 ఆడాడు. "చూశావా పిన్నీ, అడిగి మంచిపని చేశాం" అంది మా పిల్ల సంతోషంగా. నేను ఒప్పుకోలేదని మీకు తెలుసు కదా! ఎంబీడ్ మోకాలు బాగుపడి మార్చిలో రోజుకి ముప్ఫైఐదు పాయింట్లు వేసి ఉంటే? అడగటం తప్పయ్యేదా? కాదు. టీము నష్టపోయేది, అంతే. ఇద్దరూ కలిసి నష్టపోయేవాళ్లు. కలిసి ఒప్పుకుని పోగొట్టుకున్నదాని గురించి దెప్పుకోవడాలుండవు. ఒకరు ఒడ్డి ఇంకొకరు పోగొట్టుకున్నది మాత్రం ఇరవయ్యేళ్లయినా అన్నం ముందు కూర్చున్నప్పుడు గుర్తొస్తూనే ఉంటుంది.

ఈ వారం మీ ఇంట్లో ఏదో ఓ నిర్ణయం నలుగుతూనే ఉంటుంది. ఇల్లో, ఉద్యోగమో, పిల్లల చదువో, చీటీ పాటో. లాభనష్టాలు వేసుకోండి, వేసుకోవాలి. కాగితం మడిచేముందు మాత్రం, ఇందులో నష్టం వస్తే ఎవరిమీద పడుతుందో వాళ్ల పేరు ఓ పక్కన రాసి చూడండి. ఆ మనిషి పక్కగదిలోనే ఉండొచ్చు, కూర తరుగుతూనో, పుస్తకం చదువుకుంటూనో. వెళ్లి, "నువ్వేమంటావ్?" అని అడగండి. అడిగాక, జవాబు చెప్పేదాకా ఆగండి.